బోర్గ్ 26 ఏళ్ళకే ఎందుకు ఆపేశాడు? 1991లో చెక్క రాకెట్‌తో ఎందుకు తిరిగొచ్చాడు?

గోదారి_టాప్‌స్పిన్ అడిగినది:

స్వీడన్ టెన్నిస్ ఆటగాడు బ్యోర్న్ బోర్గ్ గురించి ఎక్కడ వెతికినా అవే రెండు ముక్కలు: 11 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు, 26 ఏళ్ళకే విసుగొచ్చి మానేశాడు. మధ్యలో అసలేం జరిగిందో ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. 1981 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అమెరికా ఆటగాడు జాన్ మెకన్రో చేతిలో ఓడి, బహుమతులిచ్చేదాకా కూడా ఉండకుండా వెళ్ళిపోయాడు కదా, అదేనా చివరి మ్యాచ్? మరుసటి ఏడాది వింబుల్డన్‌లో ఎందుకు లేడు? అంతటివాణ్ణి క్వాలిఫైయింగ్ ఆడి రమ్మన్నారని విన్నాను, నిజమేనా?

ఇంకొకటి. 1991లో లోకమంతా గ్రాఫైట్ రాకెట్లు పట్టుకుంటే ఆయన చెక్క రాకెట్‌తో దిగాడు. అది పంతమా, లేక ఆటలో దానికేమైనా కారణం ఉందా? ఆ తర్వాతి జీవితం గురించి కూడా తెలిసినవాళ్ళు రాయండి. ఏళ్ళూ స్కోర్లూ వేసి రాస్తే ఇంకా బాగుంటుంది.

డ్రా_షీట్:

ముందు ఆ చివరి మ్యాచ్ సంగతి. 1981 యూఎస్ ఓపెన్ ఫైనల్ (మెకన్రో 4–6, 6–2, 6–4, 6–3) బోర్గ్ ఆడిన చివరి గ్రాండ్‌స్లామ్ మ్యాచ్, అంతవరకే నిజం. ఆ నెలలోనే జెనీవాలో మట్టి కోర్టు మీద టోర్నీ ఆడి గెలిచాడు. ఆయన చివరి టైటిల్ అదే. న్యూయార్క్ కోర్టులోంచి నేరుగా కారెక్కి వెళ్ళిపోయిన దృశ్యం జనం మనసులో నిలిచిపోయింది కాబట్టి అక్కడితో అయిపోయిందనుకుంటారు.

క్వాలిఫైయింగ్ మాట నిజమే. అసలు కథ అక్కడే ఉంది. అప్పట్లో పురుషుల టెన్నిస్ గ్రాండ్ ప్రీ సర్క్యూట్‌గా నడిచేది. దాన్ని నడిపే కౌన్సిల్ నియమం ప్రకారం ఏడాదికి కనీసం 10 టోర్నీలు ఆడతానని ఆటగాడు ముందే ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఎంత పెద్ద ర్యాంకున్నా ప్రతి టోర్నీలోనూ క్వాలిఫైయింగ్ రౌండ్లు గెలిచి మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి రావాలి. పెద్ద ఆటగాళ్ళు ఎగ్జిబిషన్ మ్యాచ్‌ల డబ్బు వెనక పోయి టోర్నీలు మానేస్తున్నారన్నది కౌన్సిల్ బాధ. బోర్గ్ అడిగింది ఇంకొకటి. 15 ఏళ్ళ వయసులో డేవిస్ కప్‌లో న్యూజీలాండ్ ఆటగాడు ఓనీ పరూన్‌ను ఐదు సెట్లలో ఓడించిన 1972 నుంచి ఆపకుండా ఆడుతున్నాడు. 1982లో కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని, తక్కువ టోర్నీలు ఆడతానన్నాడు. కౌన్సిల్ కుదరదంది.

ఆ ఏప్రిల్‌లో మాంటెకార్లోలో నిజంగానే క్వాలిఫైయింగ్ ఆడాడు. మెయిన్ డ్రాకు వచ్చి క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ ఆటగాడు యానిక్ నోవా చేతిలో 6–1, 6–2తో ఓడాడు. తర్వాత లాస్ వేగస్‌లో క్వాలిఫైయింగ్‌లోనే పోయింది. ఆరుసార్లు నెగ్గిన ఫ్రెంచ్ ఓపెన్‌కీ, ఐదుసార్లు నెగ్గిన వింబుల్డన్‌కీ ఆ ఏడాది వెళ్ళనే లేదు. 1983 జనవరిలో రిటైర్మెంట్ ప్రకటించాడు. అప్పటికి వయసు 26. ఆ ఏప్రిల్‌లో మాంటెకార్లోలో మరోసారి దిగి రెండో రౌండ్లో ఆన్రీ లెకోంత్ చేతిలో ఓడాడు. 1984లో స్టుట్‌గార్ట్‌లో ఒక్క మ్యాచ్ ఆడితే అక్కడా లెకోంతే ఎదురయ్యాడు, 6–3, 6–1.

నా మట్టుకు ఆ నియమం తప్పు. 11 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషికి ఒక్క ఏడాది వెసులుబాటు ఇచ్చి ఉంటే 1983కి తాజాగా తిరిగొచ్చేవాడు. "విసుగొచ్చింది" అన్నది అబద్ధం కాదు. కానీ విశ్రాంతి అడిగితే దొరకక, ఆ విసుగు తీరే దారి మూసుకుపోయింది. ఈ సంగతి వదిలేసి ఒట్టి విసుగనడం ఆయనకు న్యాయం చేసినట్టు కాదు.

పచ్చిక_కోర్టు:

డ్రా_షీట్ గారు చెప్పింది సగం అని నా అభిప్రాయం. నియమం లేకపోయినా ఆయన ఎక్కువ కాలం ఆడేవాడు కాదేమో. ఎందుకో ఆయన గెలిచిన తీరు చూస్తే తెలుస్తుంది.

అప్పటి వింబుల్డన్ పచ్చిక ఇప్పటిది కాదు. 2001లో పూర్తిగా రై గడ్డికి మారకముందు అందులో ఫెస్క్యూ అనే మెత్తటి గడ్డి కలిసి ఉండేది. బంతి లేవదు, జారుకుంటూ మోకాలి కిందకే వస్తుంది. పారిస్ మట్టి మీద (ఫ్రెంచ్ ఓపెన్‌లో) భుజం ఎత్తుకు లేచిన బంతిని కోర్టు చివరి గీత (బేస్‌లైన్) వెనక నిలబడి కొట్టిన మనిషి, రెండు వారాల్లో లండన్ వచ్చి నెట్ దగ్గరికి పరుగెత్తాలి. ఇప్పుడు ఆ రెండింటికీ మూడు వారాల వ్యవధి ఉంది (2015 నుంచి). బోర్గ్‌కు ఉన్నది రెండే.

ఆ రెండు వారాలూ హాంప్‌స్టెడ్‌లోని కంబర్లండ్ క్లబ్‌లో కోచ్ లెన్నార్ట్ బెర్గెలిన్‌తో సాధన చేసేవాడు. 1976 వింబుల్డన్‌కు ముందు సర్వీసును దాదాపు కొత్తగా దిద్దుకున్నాడు. పాదాలు నిలిపే తీరు మార్చి, సర్వ్ కొట్టిన ఊపులోనే ముందుకు సాగేలా చేసుకున్నాడు. ఆ ఏడాది ఒక్క సెట్ కూడా పోగొట్టుకోకుండా గెలిచాడు. పారిస్, లండన్ టైటిళ్ళు రెండూ 1978, 79, 80ల్లో వరుసగా మూడేళ్ళు కొట్టాడు. ఆ జోడీ మళ్ళీ ఒకరి చేతికి రావడానికి 2008 దాకా, నడాల్ దాకా ఆగాల్సి వచ్చింది.

కానీ చాలా ఏళ్ళు మొదటి వారంలో ప్రాణం మీదికి వచ్చేది. పాదం కొత్త గడ్డికి ఇంకా అలవాటుపడదు, బంతి అనుకున్నదానికంటే కింద ఉంటుంది. 1979 రెండో రౌండ్లో మన విజయ్ అమృతరాజ్ రెండు సెట్లు ఒకటితో ముందున్నాడు. నాలుగో సెట్ టైబ్రేక్‌లో (6–6 అయ్యాక సెట్ తేల్చే గేమ్‌లో) గానీ బోర్గ్ బయటపడలేదు: 2–6, 6–4, 4–6, 7–6, 6–2. (1974 యూఎస్ ఓపెన్లో, ఫారెస్ట్ హిల్స్ పచ్చిక మీద, విజయ్ ఆయన్ని ఓడించాడు కూడా. మనవాళ్ళు ఈ మాట ఎక్కువ చెప్పుకోవాలి.)

మెకన్రోతో 1980 వింబుల్డన్ ఫైనల్ చూడండి. నాలుగో సెట్లో 5–4, 40–15 మీద రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, టైబ్రేక్‌లో ఇంకో ఐదు. ఏడూ పోయాయి. 34 పాయింట్ల టైబ్రేక్ 16–18తో పోయింది. ఐదో సెట్ మొదటి గేమ్‌లో తన సర్వీసు మీద 0–30. ఏ ఆటగాడైనా కుంగిపోయే చోటది. అక్కణ్ణుంచి సర్వీసు మీద వరుసగా 19 పాయింట్లు గెలిచాడు. చివరికి 1–6, 7–5, 6–3, 6–7, 8–6. 3 గంటల 53 నిమిషాలు.

మొహంలో ఏ భావమూ కనపడదు కాబట్టి ఆయనకు కష్టం తెలియదనుకునేవారు. ప్రతి పాయింటులో ప్రత్యర్థి కంటే ఒక బంతి ఎక్కువ వెనక్కి పంపడమే ఆయన ఆట. ఆ ఆటకు కాళ్ళూ మనసూ రెండూ పూర్తిగా కావాలి. మెకన్రోలా నాలుగు షాట్లలో పాయింట్ ముగించే దారి ఆయనకు లేదు. తీవ్రత ఒక్క పిసరు తగ్గినా ఆ ఆట సగం తగ్గినట్టు కాదు, మొత్తం పోయినట్టే. 1981 వింబుల్డన్ ఫైనల్లో జరిగింది అదే. 41 వరుస విజయాల తర్వాత 4–6, 7–6, 7–6, 6–4తో మెకన్రో గెలిచాడు. అందులో రెండు టైబ్రేక్‌లు. ఏడాది ముందు అలాంటి చోట్ల పట్టుదలతో నిలబడ్డ మనిషి ఈసారి వదిలేశాడు. ఓడినందుకు అనుకున్నంత బాధ కలగలేదని తర్వాత ఆయనే చెప్పాడు. ఛాంపియన్‌కు అంతకంటే పెద్ద హెచ్చరిక లేదు.

యూఎస్ ఓపెన్ నాలుగు ఫైనల్స్ (1976, 78, 80, 81) ఓడటానికి ఒకే కారణం వెతకొద్దు. 1976లో కోర్టు ఆకుపచ్చ మట్టిది, ఆయనకు నప్పేదే, అయినా అమెరికా ఆటగాడు జిమ్మీ కానర్స్ గెలిచాడు. 1978లో కుడి బొటనవేలు దెబ్బతిని ఇంజెక్షన్‌తో ఆడాడు. 1980లో మెకన్రోతో ఐదు సెట్లు వెళ్ళింది. 1979లో ఫైనల్ దాకా రాలేదు, రాత్రి దీపాల కింద క్వార్టర్స్‌లో అమెరికా ఆటగాడు రాస్కో టానర్ సర్వీసు కంటికి అందలేదు.

గట్_తీగ:

చెక్క రాకెట్ ప్రశ్నకు నేను రాస్తాను. పంతం కొంత ఉండొచ్చు. కానీ ఆ రాకెట్ లేకపోతే ఆయన ఆట ఆయన ఆట కాదన్నది కూడా నిజం.

బోర్గ్ వాడినవి డోనే కంపెనీ చెక్క రాకెట్లు. తల 65–70 చదరపు అంగుళాలు, బరువు దాదాపు 400 గ్రాములు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ కోసం పిడి తోలు మామూలు కంటే బాగా పైదాకా చుట్టి ఉండేది. అందరి రాకెట్లలాంటిదే అయినా తేడా అంతా బిగువులో. ఆ రోజుల్లో చెక్క రాకెట్‌కు 50–60 పౌండ్ల బిగువు వేసేవారు. బోర్గ్‌ది 80 పౌండ్లు, అంటే 36 కిలోలు. సహజ గట్ (జంతువుల పేగుతో చేసిన తీగ) మీద. రాత్రి హోటల్ గదిలో ఎవరూ ముట్టకుండానే తీగ ఫట్‌మని తెగిపోయేది.

అంత బిగువు ఎందుకు? తీగ వదులుగా ఉంటే బంతి తగిలినప్పుడు తీగ బాగా సాగుతుంది, బంతి తక్కువ నొక్కుకుంటుంది. తీగ తీసుకున్న శక్తిలో 90 శాతం పైగా తిరిగిచ్చేస్తుంది. బంతి అలా కాదు. నిబంధన ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే అది 135–147 సెంటీమీటర్లే లేవాలి, అంటే సగానికి కాస్త పైన. తీగ బిగిస్తే సాగడం తగ్గి, శక్తి అంతా బంతి నొక్కుకోవడంలోకి పోతుంది, అక్కడ నష్టమవుతుంది. ఫలితంగా బంతి నెమ్మదిగా బయటికొస్తుంది, కానీ కొట్టిన దిక్కుకే వెళ్తుంది. బోర్గ్‌కు రాకెట్ ఇచ్చే వేగం అక్కర్లేదు, వేగం ఆయన చేతిలోనే ఉంది. కింద నుంచి పైకి విసురుగా రాకెట్ లాగి టాప్‌స్పిన్ ఇస్తాడు, అంటే బంతి ముందుకు గిర్రున తిరుగుతూ పోతుంది. రాకెట్ కూడా వేగం కలిపితే ఆ బంతి కోర్టు దాటిపోతుంది. 80 పౌండ్ల బిగువు ఆయనకు కళ్ళెం లాంటిది. ఎంత బలంగా కొట్టినా బంతి లోపలే పడుతుందన్న భరోసా.

ఆ బిగువు నిలబెట్టడం పెద్ద పని. గట్ బిగించిన గంట నుంచే సడలుతుంది, తేమకు ఇంకా సడలుతుంది. అందుకని ఎప్పుడూ డజన్లకొద్దీ రాకెట్లు సిద్ధంగా ఉండేవి. మ్యాచ్ ముందు వాటిని తట్టి శబ్దం విని ఏరేవారు. అది మూఢనమ్మకం కాదు. తీగ స్థాయి బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. బిగువు 10 శాతం తగ్గితే స్థాయి 5 శాతం పడుతుంది, అంటే దాదాపు ఒక స్వరస్థానం. వీణ శ్రుతి చేసేవాళ్ళు ఆ తేడా ఇట్టే పట్టేస్తారు. మ్యాచ్ మ్యాచ్‌కీ ఆయన చెవి చేసింది ఆ పనే.

ఇప్పుడు 1991కి రండి. 34 ఏళ్ళ బోర్గ్ మాంటెకార్లోలో చెక్క రాకెట్‌తో దిగి స్పెయిన్ ఆటగాడు జోర్డి అర్రేసే చేతిలో 6–2, 6–3తో ఓడాడు. చెక్కతో గ్రాండ్‌స్లామ్ గెలిచిన చివరి పురుషుడు 1983 పారిస్‌లో నోవా. మెకన్రో కూడా అదే ఏడాది గ్రాఫైట్‌కు మారాడు. 1991 నాటికి తలలు 85 నుంచి 110 చదరపు అంగుళాలు. బంతి మధ్యలో తగలకపోయినా రాకెట్ చేతిలో తిప్పుకోదు, షాట్ వెళ్ళిపోతుంది. చెక్కలో మధ్యచోటు అరచేతిలో సగం. అక్కణ్ణుంచి అంగుళం పక్కకు పోతే బంతి చచ్చిపోయి సర్వీస్ బాక్సులో పడుతుంది, ఎదుటివాడు ముందుకొచ్చి ముగిస్తాడు. 1970ల వేగానికి ఆ మధ్యచోట బంతి అందుకోవడానికి బోర్గ్‌కు టైముండేది. 1991 వేగానికి లేదు.

మరి వెంటనే గ్రాఫైట్ పట్టుకుంటే సరిపోయేదా? 1992లో అదే చేశాడు. ఆ ఏడాది 8 టోర్నీలు, ఎనిమిదీ మొదటి రౌండ్లోనే పోయాయి. ఇరవై ఏళ్ళు చేతికి కళ్ళెం అలవాటైన విసురు అది. గట్టి ఫ్రేములో బంతి పొడుగు పోతుంది, లోపల వేద్దామని విసురు తగ్గిస్తే పదును పోతుంది. దానికి తోడు ఏడేళ్ళుగా టోర్నీ మ్యాచ్ లేదు. 1993లో మూడు ఆడాడు. చివరిది నవంబరులో మాస్కోలో, అలెగ్జాండర్ వోల్కోవ్ మీద. 4–6, 6–3, మూడో సెట్ టైబ్రేక్ 7–9. తిరిగొచ్చాక అన్నిటికంటే బాగా ఆడింది ఆ చివరి మ్యాచ్‌లోనే. దాంతోనే ఆపేశాడు. తర్వాత సీనియర్ల టూర్‌లో కానర్స్, మెకన్రోలతో చాలా ఏళ్ళు ఆడాడు.

సెంటర్_కోర్ట్:

తర్వాతి జీవితం గురించి. తేలికైన కథ కాదు, అందుకని తెలిసినంతే రాస్తున్నా.

1980 జులైలో వింబుల్డన్ గెలిచిన కొద్ది రోజులకే బుకారెస్ట్‌లో రొమేనియా క్రీడాకారిణి మరియానా సిమియోనెస్కుతో పెళ్ళి జరిగింది. 1984లో విడిపోయారు. ఇటలీ గాయని లొరెదానా బెర్తేతో రెండో పెళ్ళి కూడా నిలవలేదు. 1980ల చివర ఆయన పేరుతో నడిచిన డిజైన్ కంపెనీ దివాలా తీసింది. ఆట మానేశాక మత్తుమందులకు అలవాటుపడ్డానని, ప్రాణం మీదికి తెచ్చుకున్నానని 2025 సెప్టెంబరులో వచ్చిన ఆత్మకథలో ఆయనే రాశాడు. 1991 పునరాగమనాన్ని డబ్బు కోసమని కొందరు తేలిగ్గా కొట్టేస్తారు. ఆ ఏళ్ళలో ఆయన ఏ స్థితిలో ఉన్నాడో తెలిశాక అలా అనాలనిపించదు. రోజూ ఒకే వేళకు లేచి సాధన చేసే బతుకు మళ్ళీ కావాలనుకున్నాడు.

2006 మార్చిలో ఐదు వింబుల్డన్ ట్రోఫీలనూ, ఫైనల్స్‌లో వాడిన రెండు రాకెట్లనూ లండన్‌లో బోనమ్స్ వేలానికి పెట్టాడు. కుటుంబానికి ఆర్థిక భద్రత కోసమన్నాడు. కానర్స్, మెకన్రో ఫోన్లు చేశారు. వేలం జరగకముందే వెనక్కి తీసుకున్నాడు. 1980 ఫైనల్ నాలుగో సెట్లో ఏడు మ్యాచ్ పాయింట్లు లాగేసుకున్న మెకన్రోనే ఆ ట్రోఫీ అమ్మొద్దని ఫోన్ చేశాడంటే, వాళ్ళ మధ్య ఉన్నదేమిటో అర్థమవుతుంది.

బోర్గ్ పేరుతో లోదుస్తులు, క్రీడా దుస్తులు అమ్మే స్వీడన్ కంపెనీ ఇప్పుడు స్టాక్‌హోమ్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉంది. దివాలా తీసిన పాత కంపెనీతో దీన్ని కలపకండి.

2002లో పాట్రీషియాతో మూడో పెళ్ళి. జీవితం కుదుటపడింది ఇక్కడే. 2003లో పుట్టిన కొడుకు లియో ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడుతున్నాడు. 2017లో లేవర్ కప్ మొదలైనప్పటి నుంచి 2024 దాకా యూరప్ జట్టుకు బోర్గ్, ప్రపంచ జట్టుకు మెకన్రో కెప్టెన్లు. ఏడింట ఐదు యూరప్‌వే. 2025లో యూరప్ బాధ్యత అందుకున్నది ఎవరనుకున్నారు? 1982 మాంటెకార్లోలో క్వాలిఫైయర్ బోర్గ్‌ను ఇంటికి పంపిన యానిక్ నోవా. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు 2024లో శస్త్రచికిత్స అయిందని కూడా ఆత్మకథ వచ్చిన సమయంలోనే చెప్పాడు.

గోదారి_టాప్‌స్పిన్:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. క్వాలిఫైయింగ్ నియమం సంగతి ఇంత స్పష్టంగా ఎప్పుడూ చదవలేదు. గట్_తీగ గారూ, ఒక్కటి. పాత చెక్క రాకెట్ దొరికితే ఆ 80 పౌండ్లు వేయించి చూడొచ్చా? ఆ అనుభవం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని.

గట్_తీగ:

వద్దండి, 80 మాటే అనుకోకండి. బోర్గ్ ఫ్రేములు కొత్తవి, పగిలితే ఇంకోటి అందేది. మీకు దొరికేది నలభై ఏళ్ళు ఎండిన చెక్క, పొరల మధ్య జిగురు పొడిబారి ఉంటుంది.

ముందు ఫ్రేమును బల్ల మీద బోర్లా పెట్టండి. ఎక్కడైనా లేచి ఉంటే వంకర తిరిగినట్టే, దాన్ని గోడకు తగిలించుకోవడమే మేలు. మెడ దగ్గర, తల పైకొస దగ్గర పొరలు విడిపోయాయేమో గోటితో గీరి చూడండి. తీగ రంధ్రాల నుంచి సన్నటి పగుళ్ళు బయల్దేరితే తీగ వేయించొద్దు.

బాగుంటే 45–50 పౌండ్లు చాలు. గట్ గానీ మెత్తటి మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులు కలిపి చేసిన తీగ) గానీ వాడాలి, పాలియెస్టర్ వద్దు. ఫ్రేమును ఆరు చోట్ల పట్టే మెషిన్ ఉన్నవారి దగ్గరికే వెళ్ళండి. నిలువు తీగలు మధ్య నుంచి మొదలుపెట్టి కుడి ఎడమలు మార్చి మార్చి లాగాలి, ఒక పక్క రెండు తీగల కంటే ముందుకు పోకూడదు. నిలువు తీగలు పూర్తయ్యేసరికి తల పొడుగు తగ్గి అడ్డంగా ఉబ్బుతుంది. అడ్డ తీగలు పడ్డాకే దాని ఆకారం దానికి వస్తుంది. కాబట్టి సగం పని చేసి మర్నాడు చూద్దామంటే ఒప్పుకోకండి, పొద్దున్నకు ఫ్రేము చీలిపోయి ఉంటుంది. ఆడాక నాలుగు మరలున్న చెక్క ప్రెస్‌లో బిగించి పెట్టండి, మరలు నాలుగూ సమానంగా తిప్పాలి. మన తీరప్రాంతాల తేమకు ప్రెస్ లేకుండా వదిలేస్తే ఒక్క వానాకాలంలోనే వంకర తిరుగుతుంది.

కొట్టేటప్పుడు మొదట పది నిమిషాలు సర్వీస్ లైన్ల మధ్యే నెమ్మదిగా ఆడండి. బంతి మధ్యలో తగిలితే చేతికి ఏమీ తెలియదు, పక్కన తగిలితే మోచేతి దాకా జలదరిస్తుంది.